తలమీద నాటు వేయించే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

ప్రకాశం బజారు,
నల్లగొండ.

చిరంజీవి శ్రీకాంత్‌కు మేనమామ ఆశీస్సులు.

జుట్టు మార్పిడి కోసం నీవు హైదరాబాదులో ఒక క్లినిక్‌కు బయానా ఇచ్చావనీ, ఈ నెలాఖరులోగా చేయించుకుంటే 3,000 గ్రాఫ్టులు (అంటే తీసి నాటే కుదుళ్లు) తగ్గింపు ధరకు వేస్తామన్నారనీ మొన్న అక్క ఫోన్లో చెప్పింది. పెళ్లిచూపులు మొదలయ్యేలోపే ఆ పని ముగించుకోవాలన్న నీ తొందర నాకు తెలుసు. అయినా ఆ తేదీని కనీసం ఒక ఏడాది వాయిదా వేయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు మందుల దుకాణం నడిపిన అనుభవం ఒకటి ఉంది గానీ, అంతకంటే ఆ బల్ల మీద నేనూ పడుకుని వచ్చి తప్పు చేసినవాడిని కాబట్టి చెబుతున్నాను.

మీ అమ్మ మర్రిగూడ బోరు నీళ్లను తిడుతోంది. ఫ్లోరైడ్ మన జిల్లాలో పళ్లనూ ఎముకలనూ ఎంత పాడుచేసిందో కళ్లారా చూసినవాళ్లం గనుక ప్రతి కష్టానికీ దానినే నిందించడం మనకు అలవాటైంది. కానీ నుదుటి మూలలు రెండూ లోపలికి జరిగి, నడినెత్తిన సుడి దగ్గర పలచబడి, చెవుల పైనా వెనుకా మాత్రం జుట్టు నిండుగా ఉందంటే అది నీళ్ల పని కాదు. టెస్టోస్టిరాన్ శరీరంలో డీహెచ్‌టీ అనే హార్మోనుగా మారుతుంది. దానికి లొంగే గుణం పుట్టుకతోనే ఉన్న కుదుళ్లు ఏటికేడు చిన్నవవుతూ, వెంట్రుకను సన్నగా, పొట్టిగా మొలిపించి, చివరకు నూగు మాత్రమే మిగులుస్తాయి. వెనుక తల కుదుళ్లకు ఆ లొంగుబాటు లేదు. ఈ గుణాన్ని మోసే జన్యువులు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి, అయితే వాటిలో ముఖ్యమైనది ఒకటి ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది గనుక మగపిల్లవాడికి అది తల్లి వైపు నుంచే అందుతుంది. మేనమామ పోలిక అని మనవాళ్లు ఊరికే అనలేదు. నా వంతు నేరం ఒప్పుకుంటున్నాను.

మార్పిడి అంటే మిర్యాలగూడ ఆయకట్టులో వరినాటు వేయడం వంటిదే. వెనుక తల నారుమడి, ముందు తల పొలం. కాకపోతే ఈ నారుమడిలో పీకిన చోట మళ్లీ మొలవదు, కొత్తగా నారు పోయడానికి విత్తనమూ లేదు. ఉన్నది జీవితకాలానికి సరిపెట్టుకోవాలి. ఇరవై ఏడేళ్లకే సగం నారు నుదుటి మీద దట్టంగా నాటించుకుంటే, నలభై ఐదేళ్లకు నడినెత్తి ఖాళీ అయినప్పుడు తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

నాకు జరిగింది అదే. 2008లో వెనుక తల చర్మాన్ని చెవి నుంచి చెవి దాకా సన్నని పట్టీగా కోసి, దానిని కుదుళ్లుగా విడదీసి ముందు నాటారు. ఆ పద్ధతిని ఎఫ్‌యూటీ అంటారు. నాటినవి బతికాయి, ఇప్పటికీ ఉన్నాయి. తరువాత ఉన్న జుట్టును నిలిపే మాత్రలు వాడాలని అక్కడ ఎవరూ చెప్పలేదు. ఆ మాత్రలు అమ్మేవాడినే అయినా, పని అయిపోయిందనుకుని నేనూ వాడలేదు. ఐదారేళ్లలో నాటిన వరుస వెనుక నా సొంత జుట్టు రాలిపోయి, ముందు ఒక గట్టు, దాని వెనుక బీడు మిగిలాయి. ఆ తరువాత యాదగిరిగుట్టలో మొక్కు చెల్లించడానికి కూర్చుంటే, కల్యాణకట్టలో క్షురకుడు కత్తి ఆపి, తల వెనుక తెల్లటి గీతను బొటనవేలితో తడిమి, "ఇది ఏం దెబ్బ పెద్దాయనా?" అని అడిగాడు. ఈనాటి ఎఫ్‌యూఈ పద్ధతిలో ఒక్కొక్క కుదురునూ విడిగా తీస్తారు గనుక అంత పొడుగు గీత పడదు, చిన్న చిన్న చుక్కలు పడతాయి. నారుమడి మాత్రం అంతే ఉంటుంది.

అందుకే ముందుగా, ఇప్పుడున్న జుట్టును మందులతో నిలుపుకో. ఫినాస్టరైడ్ 5 మిల్లీగ్రాముల మాత్రకు ప్రొస్టేట్ గ్రంథి పెరుగుదలకు చికిత్సగా అమెరికాలో 1992లోనూ, 1 మిల్లీగ్రాము మాత్రకు బట్టతల కోసం 1997లోనూ అనుమతి వచ్చింది. అది రక్తంలో డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. రెండేళ్ల పరీక్షలలో నడినెత్తి వెంట్రుకల సంఖ్య తగ్గకుండా నిలిచినవారు మందు వేసుకున్నవారిలో 83 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 28 శాతం. దాని చెడు వైపు కూడా దాచను: కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం వంటివి మందు వాడినవారిలో 100కు దాదాపు నలుగురిలో, ఉత్తుత్తి మాత్ర వారిలో ఇద్దరిలో కనిపించాయి. ఎక్కువమందిలో మందు మానితే అవి పోతాయి, కొందరు మాత్రం పోలేదని చెబుతున్నారు. ఆత్మహత్య ఆలోచనలను కూడా 2022లో అమెరికాలో ఈ మందు వివరపత్రంలోని దుష్ప్రభావాల జాబితాలో చేర్చారు. మనసు దిగాలుగా అనిపిస్తే ఓర్చుకోకుండా వెంటనే వైద్యునికి చెప్పు. పెళ్లి, సంతానం గురించిన నీ ఆలోచన కూడా చీటీ రాసే ముందే ఆయనకు తెలియాలి. మా కౌంటర్ మీదే బ్లేడు అడిగి, డబ్బు కలిసివస్తుందని 5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసుకునేవారు ఉండేవారు. ఆ పొడి గర్భిణి చేతికి అంటకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది.

మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. దానిని మింగినవారికి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. 5 శాతం ద్రవం రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి ఒక మిల్లీలీటరు, పొడి తల చర్మానికి రాయాలి, జుట్టుకు కాదు. మొదటి వారాలలో మునుపటికంటే ఎక్కువగా రాలవచ్చు. చాలామంది సీసా తిరిగి తెచ్చి నాతో పోట్లాడింది ఆ రోజుల్లోనే. అది పాత వెంట్రుక కొత్తదానికి చోటు ఇవ్వడం. రాసిన చేతులు కడుక్కో, ఇంట్లో పిల్లి ఉంటే దానికి అంటనివ్వకు, ఆ మందు పిల్లులకు విషం. ఫినాస్టరైడ్ మాత్ర గానీ ఈ ద్రవం గానీ మానేస్తే నెలల వ్యవధిలో వచ్చిన ఫలితమంతా పోతుంది. గుంటగలగర నూనె, ఉల్లిగడ్డ రసం సంగతి వద్దు. నేనూ బోలెడు సీసాలు అమ్మాను.

డెర్మటాలజిస్టును చూసే ముందు నీకు నీవే ఏదీ మొదలుపెట్టకు. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తరువాత రెండు మూడు నెలలకు తలంతా రాలడం వేరు, అది తనంతట తానే తిరిగి వస్తుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా పరీక్షతో తేలుతాయి.

ఇక నీ పెళ్లిచూపుల లెక్క. నాటిన వెంట్రుకలు రెండు నుంచి నాలుగు వారాలలో రాలిపోతాయి, కుదురు మాత్రం లోపల ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక కనిపిస్తుంది, పూర్తి రూపానికి ఏడాది పడుతుంది. ఆపరేషన్ అయిన మూడు నాలుగు రోజులకు వాపు నుదుటి మీదుగా కళ్ల దాకా దిగవచ్చు, పొక్కులు వారం పది రోజులు ఉంటాయి. అంటే నెలాఖరుకు చేయించుకుంటే ఫోటోలలో నీవు ఇప్పటికంటే అధ్వానంగా ఉంటావు.

ఏడాది మందులు వాడాక కూడా చేయించుకోవాలనిపిస్తే నేనే వెంట వస్తాను. అప్పుడు కుదుళ్లు తీసేదెవరు, నాటేదెవరు అని ముఖం మీదే అడుగుదాం. వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూసి నేర్చుకోవడం ఈ పనికి శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. డాక్టరు బోర్డు బయట పెట్టి లోపల టెక్నీషియనుకు అంతా వదిలేసే చోట నీ తల పెట్టవద్దు.

బయానా తిరిగి ఇవ్వం అని వాళ్లంటే పోనివ్వు, ఆ డబ్బు నేను సర్దుతాను. దసరాకు వచ్చేటప్పుడు గత మూడేళ్ల ఫోటోలు తీసుకురా. ఇప్పటి నుంచి ప్రతి నెలా మొదటి తేదీన అదే బల్బు కింద, తడి లేని తలను పైనుంచీ ఎదుటినుంచీ ఫోటో తీయించుకో. అద్దం రోజుకో మాట చెబుతుంది.

ఇట్లు,
నీ మేనమామ