జైలుకెళ్లొచ్చినవాళ్లు మళ్లీ నేరం చేయకుండా ఉంటారా?

ఉంటారు, కానీ లోపల నేర్చుకున్న పని బయట కూడు పెట్టినప్పుడే. విడుదలయ్యాక మొదటి కొన్ని వారాలే గండం: చేతిలో డబ్బుండదు, పనిచ్చేవాళ్లుండరు, పాత స్నేహాలు మాత్రం గుమ్మంలోనే కాచుకుని ఉంటాయి. జైల్లో ఇచ్చిన శిక్షణ సర్టిఫికెట్ ఒక్కటే ఆ గండం దాటించదు.

హైదరాబాద్ చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్రోల్ బంకు చూడండి. మీటరు సున్నా చూపించి, పెట్రోలు కొట్టి, డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చేది ఖైదీలే. విడుదలైనవాళ్లకూ ఇలాంటి బంకుల్లో పనిచ్చారు. నగదు చేతికివ్వడమంటే మనిషిని నమ్మడం. జైల్లో కుర్చీలు చేయించడం కన్నా అదే పెద్ద శిక్షణ.

జైల్లో అందరూ పని నేర్చుకుంటారనుకోవడం పొరపాటు. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. పని తప్పనిసరి కఠిన కారాగార శిక్ష పడ్డవాళ్లకే.