పొట్లం మీద పేరు రాయి పాపా

తిరుపతి
ఆదివారం ఉదయం

చి. పాపకు మామయ్య ఆశీర్వాదాలు.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బంగారుపాళ్యం దగ్గర క్లినిక్ పెడుతున్నావట, మందులు కూడా నువ్వే ఇస్తావట. మన ఇంట్లో ఇంకో డాక్టరు పల్లెకు పోతోందని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మందుల మాట వినగానే మాత్రం దడ మొదలైంది. తెల్లారేదాకా నిద్ర లేదు.

లైసెన్సు లేకుండా డాక్టరు మందులివ్వకూడదని నిన్నెవరో భయపెట్టారట. ఇవ్వొచ్చు. 1945 డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె, అంటే మినహాయింపుల జాబితా, తీసి చూడు. రిజిస్టరైన డాక్టరు తన సొంత పేషెంటుకు మందిస్తే అమ్మకం లైసెన్సు అక్కర్లేదు. 1948 ఫార్మసీ చట్టం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. ‘సొంత పేషెంటు’ అన్న మాట మాత్రం గట్టిగా పట్టుకో. అంగడి తెరవకూడదు, కౌంటర్ మీద అమ్మకూడదు. ఇంకో డాక్టరు రాసిన చీటీ తెచ్చి ‘రెండు మాత్రలుంటే ఇవ్వండమ్మా’ అంటే, ఎంత కావలసినవాళ్లయినా మెడికల్ షాపుకు పంపు. చెన్నైలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గర కొద్దిపాటి లోషన్లు, ఆయింట్‌మెంట్లు దొరికితే కేసు పెట్టారు. అంత కొంచెం మందును అంగడి పెట్టి అమ్మడం అనలేమని 2023లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. గెలిచిందిలే, కానీ అంతదాకా ఆమె పడిన టెన్షన్ నీకు వద్దు. స్టాకు కొంచెమే పెట్టుకో.

లైసెన్సున్న డీలరు దగ్గరే కొను. బిల్లులు, బ్యాచ్ నంబర్లు దాచు. ఎక్స్‌పైరీ నెలనెలా చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకు కూడా తెలియదు.

1986లో పలమనేరు పక్కన పల్లెలో నాకు రెండు గదుల క్లినిక్ ఉండేది. వెయ్యి మాత్రల డబ్బాల్లోంచి తీసి, పాత పేపరు చింపి పొట్లాలు కట్టి ఇచ్చేవాణ్ణి. సంత రోజు ఒక ముసలాయన షుగరుకు, ఆయన భార్య మోకాళ్ల నొప్పికి వచ్చారు. ఆయనకు నెలకు సరిపడా గ్లిబెన్‌క్లమైడ్, ఆమెకు మూడు రోజులకు పారాసెటమాల్. రెండూ తెల్లవే. బయట జనం తోసుకుంటున్నారు. ‘చిన్నది నీకు రోజుకొకటి, పెద్దది ఆమెకు మూడు పూటలా’ అన్నాను. నేను మాత్ర గురించి చెప్పాను. వాళ్లు పొట్లం అనుకున్నారు.

షుగరు మాత్రలున్నదే పెద్ద పొట్లం.

మూడో రోజు పొద్దున ఆమె లేవలేదు. కొడుకు చిత్తూరుకు ఎత్తుకుపోయాడు. ఏం మాత్రలు వేసిందని అక్కడి డాక్టరు అడిగితే పొట్లం బల్ల మీద పెట్టాడట. పేపరు ముక్క, తెల్ల మాత్రలు. పేరు లేదు, నా సంతకం లేదు. నా దగ్గరికి మనిషిని పంపారు. నాకు రిజిస్టరే లేదు, గుర్తున్నది చెప్పాను: ‘నొప్పుల మాత్రే, భయం లేదు.’ ఆ మాటతో వాళ్లను తప్పు దారి పట్టించాను. మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, ఆమె వేసుకున్నవి షుగరు మాత్రలేమోనని తట్టింది. చెయ్యి కూడా కడగకుండా బస్సెక్కాను. గ్లూకోజ్ పెట్టాక కళ్లు తెరిచింది, రాత్రి మళ్లీ మగతలోకి జారింది. ఆ మందు ఒంట్లోంచి తొందరగా పోదు. తెల్లవార్లూ ఆ మంచం పక్కనే కూర్చున్నాను. పొద్దున నన్ను చూసి ఆ తల్లి ‘అన్నం తిన్నావా సామీ?’ అంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెయ్యి వణుకుతోంది.

తర్వాత రూల్స్ తెచ్చి చదివాను. నేను చెయ్యనిదంతా అందులో ఉంది. షెడ్యూల్ జి, హెచ్, ఎక్స్ మందులు, అంటే డాక్టరు చెప్తేనే వాడాల్సినవి, ఇచ్చేటప్పుడు పొట్లం మీద డాక్టరు పేరు, అడ్రసు, మోతాదు ఉండాలి. రిజిస్టరులో పేషెంటు పేరు, మందు, ఎంత ఇచ్చింది, తేదీ రాసి, ఆ నంబరు పొట్లం మీద వెయ్యాలి. చివరి ఎంట్రీ తర్వాత రెండేళ్లు ఆ పుస్తకం దాచాలి. నువ్వు పారాసెటమాల్‌కు కూడా ఇట్లాగే చెయ్యి. రూలు అడగదు, నేను అడుగుతున్నాను. అన్నిటికన్నా కట్టుదిట్టమైన షెడ్యూల్ ఎక్స్ మందులు అసలు పెట్టుకోవద్దు.

స్ట్రిప్పును పేరు తెగిపోయేట్టు కత్తిరించకు. చదువు రానివాళ్లకు సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసివ్వు. అటువైపు తమిళం, కన్నడం మాట్లాడేవాళ్లూ వస్తారు. తలూపితే అర్థమైందనుకోవద్దు, ఎట్లా వేసుకుంటారో వాళ్ల నోటితోనే చెప్పించు. నువ్వు లేనప్పుడు అలమారకు తాళం వెయ్యి. పనిపిల్లోడు ఎంత తెలివైనవాడైనా సరే, వాడి చేత ఇప్పించావని తెలిస్తే నేనే వచ్చి నీ క్లినిక్ మూయిస్తాను.

డబ్బు గురించి ఒక్క మాట. మందివ్వడం తప్పు కాదని, పేషెంటును దోచుకోకూడదని 2002 నాటి వైద్యుల నియమావళి చెబుతోంది. మందు మీద లాభం లెక్కపెట్టడం మొదలైతే చీటీ పొడుగవుతుంది తల్లీ. కొన్న ధరకే ఇవ్వు, ఫీజు వేరుగా తీసుకో.

కోప్పడ్డానని బాధపడకు. ఆ పల్లెల వాళ్లకు నువ్వు దొరకడం అదృష్టమని మీ అత్తయ్యతో పొద్దున్నుంచి పదిసార్లు అన్నాను. గురువారం బస్సుకు వస్తున్నాను. రెండు పెద్ద రిజిస్టర్లు కొన్నాను, గీతలు గీసి తెస్తాను. మొదటి రోజు పక్కన కూర్చుని నేనే రాసిపెడతాను.

నీ మామయ్య