అబ్బాయి ప్రపోజల్ చాట్‌జీపీటీ రాసింది, పంపించమంటారా?

ప్రశ్న: సార్, మాది ఖమ్మం జిల్లా, నేను స్కూల్ టీచర్‌ని. మా అబ్బాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఎస్టీఎస్ ప్రాజెక్టుకు అప్లై చేస్తానంటున్నాడు. గైడ్ మేడం "ముందు రాసుకొని రా, చూస్తాను" అన్నారట. గర్భిణుల్లో రక్తహీనత మీద రెండు రాత్రుల్లో మొత్తం చాట్‌జీపీటీతో రాయించేశాడు. ఆస్పత్రి ఓపీ రిజిస్టర్ ఫొటోలు కూడా అందులో పెట్టాడట. అడిగితే "అందరూ ఇంతేనమ్మా" అంటాడు. పట్టుబడితే వాడి కెరీర్ ఏమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. సీనియర్ ఒకతను 6 వేలిస్తే తనే రాసిస్తానంటున్నాడు, అది నయమా? ఫైలు జతచేస్తున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఆ సీనియర్ సంగతి తేల్చేద్దాం. వద్దు. 6 వేలు తీసుకుని అతను కూడా చాట్‌జీపీటీనే అడుగుతాడని నా అనుమానం, మీ వాడు ఉచితంగా చేసిన పనికే మీరు డబ్బు కట్టినట్టవుతుంది. అతను నిజంగా కూర్చుని సొంతంగా రాసినా అది మీ అబ్బాయి పని కాదు కదా.

ఎస్టీఎస్ తెలియని వాళ్లకు ఒక్క ముక్క. షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అని ఐసీఎంఆర్ 1979లో మొదలుపెట్టిన పథకం ఇది. ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలు తమ కాలేజీలోనే ఒక గైడ్ కింద రెండు నెలల చిన్న పరిశోధన చేసి రిపోర్టు పంపాలి, అది ఆమోదం పొందితే స్టయిపెండ్, సర్టిఫికెట్ వస్తాయి. నీట్ పీజీ ర్యాంకుకు దీనివల్ల ఒక్క మార్కు కూడా కలవదు, ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. రేపు పబ్లిక్ హెల్త్ వైపో పరిశోధన వైపో వెళ్తే, లేదా విదేశాల్లో రెసిడెన్సీకి ప్రయత్నిస్తే, ఇక్కడ నేర్చుకున్నది పనికొస్తుంది. అందుకే వాడికి బదులు ఇంకెవరో, ఇంకేదో రాసిపెడితే ఈ మొత్తం తతంగంలో వాడికి మిగిలేది ఏమీ ఉండదు.

ఇక ఫైలు. మొత్తం చదివాను. ఇంగ్లిష్ అద్భుతంగా ఉంది, ఎంత అద్భుతంగా ఉందంటే రెండో సంవత్సరం కుర్రాడు రాశాడని వాళ్ల మేడం నమ్మరు. కానీ నా బాధ ఇంగ్లిష్ గురించి కాదు. శాంపుల్ సైజ్ దగ్గర చూడండి, 256 మంది గర్భిణులు కావాలని ఉంది. 4పీక్యూ బై డీ స్క్వేర్ అని మెడికల్ పిల్లలందరూ వాడే ఫార్ములా, అందులో 'పీ' అంటే ఇదివరకటి అధ్యయనాల ప్రకారం ఎంత శాతం మందికి ఆ సమస్య ఉందో ఆ అంకె, 'క్యూ' అంటే వందలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది, 'డీ' అంటే మన అంచనా అటూఇటూ ఎంత శాతం తేడా వచ్చినా ఫర్వాలేదో ఆ అంకె, ఇక్కడ 5. వీడి ప్రపోజల్‌లో అది 20 శాతం. 4ని 20తో, 80తో గుణించి, 5 స్క్వేర్ అంటే 25తో భాగిస్తే 256, లెక్క తప్పు లేదు. మరి ఆ 20 ఎక్కడిది? పక్కనే రిఫరెన్స్ నంబర్ 6 అని ఉంది. ఆ ఆరో రిఫరెన్స్ కోసం పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల వెబ్‌సైట్‌లో వెతికాను, టైటిల్‌తో వెతికాను, రచయితల పేర్లతో వెతికాను, చివరికి ఆ జర్నల్ పాత సంచికలోకే వెళ్లి ఆ పేజీ నంబరు దగ్గర ఏముందో చూశాను. జర్నల్ నిజమే, ఆ సంవత్సరం సంచికా నిజమే, ఆ పేజీలో ఉన్నది మాత్రం వేరే ఎవరిదో పిల్లల టీకాల మీద వ్యాసం. అంటే ఆ అధ్యయనమే లేదు. మొత్తం 14 రిఫరెన్సుల్లో 5 ఇలాగే గాలిలోంచి వచ్చినవి.

మన దేశంలో గర్భిణుల్లో రక్తహీనత 20 శాతమే అంటే గైనిక్ ఓపీలో ఒక్క వారం కూర్చున్న ఎవరైనా నవ్వుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21ది, అందులో ఈ అంకె 52.2 శాతం. పక్కా ప్రభుత్వ లెక్క, ఎవరైనా ఉచితంగా తీసి చూసుకోవచ్చు. ఇప్పుడు అదే ఫార్ములాలో 52 పెట్టి చూడండి, 256 కాస్తా 400 అవుతుంది.

400 అంటే ఏమిటో కాగితం మీద తెలియదు, ఓపీలో తెలుస్తుంది. రెండు నెలల్లో ఓపీ నడిచే రోజులు దాదాపు 50 వేసుకుందాం. రోజుకు 8 మంది. ఒక్కొక్కరికీ విషయం చెప్పి, సంతకం తీసుకుని, ప్రశ్నలు అడగడానికి 20 నిమిషాలు పట్టినా రోజుకు 2 గంటల 40 నిమిషాలు. ఓపీ ఉండేది పొద్దున, వీడి క్లాసులూ పోస్టింగులూ ఉండేది పొద్దునే. పైగా ఆమె బస్సు దిగి, లైన్లో నిలబడి, ఆకలితో ఉన్న మనిషి, 20 నిమిషాలు వీడికి ఇస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రత్యేకంగా గర్భిణులకు చెకప్‌లు జరుగుతాయి, ఆ రోజు జనం ఎక్కువ వస్తారు కదా అని ప్లాన్ వేసుకోవచ్చు, కానీ అదే రోజు మాట్లాడే తీరికా ఎవరికీ ఉండదు. ఇవేవీ చాట్‌జీపీటీకి తెలియవు, తెలియదని కూడా అది చెప్పదు. ఇది వాళ్ల మేడంతో పది నిమిషాలు కూర్చుంటే తేలే విషయం. ఆ 'డీ' దగ్గర అయిదు శాతానికి బదులు ఏడు శాతం తేడాను ఒప్పుకుంటే 204 మంది చాలు, రోజుకు నలుగురు. అలా ఎందుకు ఎంచుకున్నాడో కారణం మాత్రం వాడు నోటితో చెప్పగలగాలి.

పట్టుబడతాడా అని అడిగారు. సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుందని భయపడకండి, ఆ డిటెక్టర్లు అంత నమ్మదగ్గవి కావు. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల అధ్యయనంలో, ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు తమ చేత్తో రాసిన టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని అవి తప్పుగా తేల్చాయి. పట్టుకునేది మనిషి. ఆ 20 శాతం చూసిన నిపుణుడు ఎవరైనా అక్కడే పెన్ను ఆపుతాడు.

నిధులిచ్చే సంస్థలు కూడా ఊరికే లేవు. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌కు ఒకే విడతలో ఒకే శాస్త్రవేత్త పేరుతో 40కి పైగా దరఖాస్తులు వచ్చిన సందర్భాలున్నాయి, అంత ఎవరు రాస్తారో ఊహించుకోవచ్చు. దాంతో 2025 సెప్టెంబర్ 25 నుంచి, చాలా భాగం ఏఐతో తయారైన దరఖాస్తును దరఖాస్తుదారు సొంత ఆలోచనగా ఒప్పుకోమన్నారు, ఏడాదికి ఒకరికి ఆరే అన్నారు. అక్కడే మిగతా సైన్స్‌కు నిధులిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ మాత్రం 2023 డిసెంబర్‌లోనే ఎంతవరకు వాడారో ప్రపోజల్‌లో చెప్పండి అని ప్రోత్సహించింది. మదింపు చేసేవాళ్లేమీ తక్కువ తినలేదు లెండి, 2023లో ఆస్ట్రేలియా రీసెర్చ్ కౌన్సిల్‌కు వచ్చిన రివ్యూ రిపోర్టుల్లో 'రీజనరేట్ రెస్పాన్స్' అన్న చాట్‌జీపీటీ బటన్ మాట అలాగే కాపీ అయి దొరికింది. మనకు సంబంధించినంత వరకు, వీడు అప్లై చేసే ఏడాది నోటిఫికేషన్‌లోనూ రోగుల మీద చేసే పరిశోధనలకు అనుమతిచ్చే కాలేజీ ఎథిక్స్ కమిటీ నిబంధనల్లోనూ ఏఐ గురించి ఏముందో చదివించండి. ఏమీ లేకపోయినా, భాష సరిదిద్దడానికి ఫలానాది వాడాను, అంకెలూ రిఫరెన్సులూ నేనే చూసుకున్నాను అని గైడ్‌కు ముందే చెప్పేస్తే గొడవ లేదు.

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం రిజిస్టర్ ఫొటోల దగ్గర. ప్రపోజల్ బాగోలేకపోతే తిరిగి రాసుకోవచ్చు. ఆ పేజీల్లో ఆడవాళ్ల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, ఎన్నో కాన్పు, రక్తం ఎంత ఉంది, అన్నీ ఉంటాయి. ఎవరి అనుమతితో ఫొటో తీశాడు? ఇంకా ఎథిక్స్ కమిటీ అనుమతే రాలేదు. ఈ రోజే ఆ చాట్‌ను డిలీట్ చేయించండి, ఫోన్ గ్యాలరీలోంచి కూడా, చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో తన డేటాను శిక్షణకు వాడుకోకుండా ఆఫ్ చేయమనండి. తర్వాత మేడం దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పమనండి. తిడతారు, తిట్టాలి కూడా. ఇంకెవరి ద్వారానో తెలియడం కంటే అది మేలు.

మరి ఏఐ అసలు వాడకూడదా అంటే, నేను వాడొద్దని చెప్పను, నేనూ రోజూ వాడుతున్నాను. వాడే దిశ మార్చమంటాను. బాబూ, ఇక్కడి నుంచి నీకే చెబుతున్నాను. ముందు నీ ప్రశ్న నువ్వే తెలుగులో ఒక్క వాక్యంలో రాయి. 'గర్భిణుల్లో రక్తహీనత ఎంత ఉంది' అన్నది వేలమంది చేసేశారు, కొత్తేముంది? గర్భం నాలుగో నెల నుంచి 180 రోజులు వేసుకోమని ఐరన్ మాత్రలు ఇస్తారు, తీసుకెళ్లినవాళ్లలో నిజంగా మింగుతున్నది ఎంతమంది, టీతో వేసుకుంటున్నారా, మలం నల్లగా వస్తోందని భయపడి మానేశారా, ఇలాంటిదేదో నువ్వు ఓపీలో కళ్లతో చూసిన దాన్లోంచి రావాలి. ప్రశ్న మారితే 'పీ' కూడా మారుతుంది, కాబట్టి దాన్ని మళ్లీ అసలు పేపర్లలోంచి నువ్వే తీయాలి.

వచ్చిరాని ఇంగ్లిష్‌లో అయినా డ్రాఫ్ట్ నువ్వే రాసి, అప్పుడు దానికిచ్చి "నువ్వు ఎథిక్స్ కమిటీలో కూర్చున్నావు, దీని మీద నన్ను పది ప్రశ్నలు అడుగు, జవాబులు చెప్పకు" అను. హిమోగ్లోబిన్ కోసం కొత్తగా రక్తం తీస్తావా, కేస్ షీట్‌లో ఉన్నదే రాసుకుంటావా అని అడుగుతుంది. ఏడు గ్రాముల కంటే తక్కువ ఉన్నామె కనిపిస్తే నీ ఫారం నింపుకుని పంపేస్తావా, డాక్టరుకు చెప్తావా అని అడుగుతుంది. ఈ పని దానికి బాగా వచ్చు. జవాబులు నీవి, మేడంవి. వ్యాకరణం, పదాల పరిమితి, అందులో సాయం తీసుకో, నాకేం అభ్యంతరం లేదు. ఒక్క రిఫరెన్స్ కూడా నువ్వు తెరిచి చదవకుండా జాబితాలోకి వెళ్లకూడదు, అంతే.

చివరగా కన్సెంట్ ఫారం, అంటే రోగి అంగీకార పత్రం. రోగికి అర్థమయ్యే స్థానిక భాషలో ఉండాలన్నది ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. మీ వాడి ఫైల్లో తెలుగు ఫారం ఇలా మొదలవుతుందమ్మా: 'ఈ అధ్యయనంలో పాల్గొనుట పూర్తిగా స్వచ్ఛందము మరియు మీరు ఏ సమయంలోనైనను ఉపసంహరించుకొనవచ్చును'. ఏడో నెల గర్భిణి, పొద్దున ఆరింటికి ఇంట్లోంచి బయల్దేరింది, ఇది విని ఏమనుకోవాలి? 'ఇష్టముంటేనే చెప్పండి, మధ్యలో వద్దనిపిస్తే మానేయొచ్చు, మానేసినా మీ వైద్యం మామూలుగానే జరుగుతుంది' అంటే సరిపోతుంది. వాణ్ని కొత్తగా రాసి మీకు చదివి వినిపించమనండి. మీరు టీచరు కాబట్టి మీకు ఎలాగూ అర్థమవుతుంది, అందుకని మీ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడను కూడా కూర్చోబెట్టుకోండి, ఆవిడ ఎక్కడ 'అంటే ఏంది?' అంటే అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి.