బైలకుప్పె టిబెటన్ పిల్లలకి భాష ఎలా వస్తోంది?

ఇండియాలోనే పుట్టి పెరిగిన టిబెటన్ పిల్లలకి ఇంకా వాళ్ల భాష వస్తోందంటే అదంతా మఠాల వల్లేనా అని అడిగారు. నేను రెండేళ్లు కర్ణాటకలోని కుశాలనగరలో ఉద్యోగం చేశాను, కావేరి దాటితే బైలకుప్పె, టిబెటన్ శరణార్థుల ఊరు. నేను చూసినంతలో మఠాలది సగమే, మిగతా సగం ముసలమ్మలది.

మఠాలని తీసెయ్యలేం లెండి. లాసాలోని సెరా మఠాన్ని అదే పేరుతో ఇక్కడ మళ్లీ కట్టుకున్నారు, అక్కడ కుర్ర సన్యాసులు చప్పట్లు చరుస్తూ టిబెటన్‌లో శాస్త్రం వాదించుకుంటుంటే మొదటిసారి నిజంగానే కొట్టుకుంటున్నారనుకున్నా.

కానీ ఇంటి సంగతి వేరు. 1960లో అప్పటి మైసూరు రాష్ట్రం ఇచ్చిన అడవి కొట్టుకుని మొక్కజొన్న వేసుకున్నారు, వాన మీద ఆధారపడ్డ సేద్యం, దాంతో ఇల్లు గడవదు. అందుకే చలికాలం లూధియానా సరుకు తెచ్చి ఊరూరా స్వెటర్లు అమ్ముతారు, మన హైదరాబాదు, విజయవాడల్లో కనబడేది వీళ్లే. ఆ మూడు నెలలూ పిల్లలు హాస్టల్లోనో, నానమ్మ దగ్గరో.

మా ఆఫీసులో ఒక టిబెటన్ స్నేహితుడు ఉండేవాడు, వాళ్ల నానమ్మని అందరూ మో-లా అనేవాళ్లు ("లా" అంటే మన "గారు" లాంటిది). మనవడు ఇంగ్లీషులో ఛార్జర్ ఎక్కడుందని ఎన్నిసార్లు అడిగినా ఆవిడ జపమాల తిప్పుకుంటూ వినపడనట్టే కూర్చునేది. వాడు విసుక్కుని టిబెటన్‌లో, చివర "లా" తగిలించి అడిగాక పరుపు కింద నుంచి తీసి ఇచ్చింది. అదే మో-లా కూరగాయల బండి దగ్గర కన్నడంలో గీచి గీచి బేరమాడేది!

ఇప్పుడు అసలు టెన్షన్ కర్ణాటక కాదు, కెనడా. ఇక్కడే పుట్టినా చాలామంది చేతిలో ఉండేది శరణార్థుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, విదేశం వెళ్లాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట పుస్తకం. చదువుకున్నవాళ్లు వీలు దొరికితే వెళ్లిపోతున్నారు, నా స్నేహితుడూ టొరంటో చేరాడు. అక్కడ పిల్లలకి మో-లా లేదు, వీడియో కాల్ ఉంది.

మీరు బైలకుప్పె వెళ్తే అక్కడి గోల్డెన్ టెంపుల్ (నామ్‌డ్రోలింగ్ మఠం) ముందు ఫొటో దిగి బస్సెక్కేయకండి, లోసర్ రోజుల్లో, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, ఎవరైనా పిలిస్తే ఇంటికి వెళ్లండి. వెన్న, ఉప్పు వేసిన టీ ఇస్తారు. టీ అనుకుంటే గొంతు దిగదు, చారు అనుకుని తాగండి.