డిగ్రీలో కెమిస్ట్రీ అంటే అంతా బట్టీయేనా? లెక్కలు అంతగా రానివాళ్లు తీసుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు: బట్టీ గురించి ఒకటి, లెక్కల గురించి ఒకటి. రెంటికీ జవాబు చెప్తాను గానీ, ముందు ఒక రీడింగు సంగతి చెప్పాలి. నా డిగ్రీ అయిపోయి చాలా ఏళ్లయింది. ఫైనలియర్‌లో ఏ పేపర్లో ఎన్ని మార్కులు వచ్చాయో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ రీడింగు మాత్రం దశాంశంతో సహా గుర్తుంది. 18.3.

మొదటి ఏడాది. పర్మాంగనేటుతో ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్, అంటే ఒక ద్రావణం ఎంత పడితే రెండోది అయిపోతుందో కొలిచి, రెండోదాని గాఢత కనుక్కోవడం. ఎప్పుడూ చేయనివాళ్లకి ఇంత తెలిస్తే చాలు. బ్యూరెట్ అనే గీతలున్న గాజుగొట్టంలో ముదురు ఊదారంగు పర్మాంగనేటు ఉంటుంది, అందులోంచి ఎన్ని మిల్లీలీటర్లు పడిందో అదే రీడింగు. కింద ఫ్లాస్కులో నీళ్లలాగే కనిపించే ఆక్సాలిక్ ఆమ్లం 20 మిల్లీలీటర్లు, అందులో కాస్త సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఫ్లాస్కు వేడిచేసి, పైనుంచి వదులుతూ పోతే పడిన రంగు పడినట్టే మాయమవుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం మొత్తం అయిపోయాక ఒక్క చుక్క ఎక్కువ పడిందంటే లేత గులాబీ రంగు నిలబడిపోతుంది. అదే ఎండ్ పాయింట్. రంగు మార్చి చూపడానికి వేరే ఇండికేటర్ అక్కర్లేదు.

వినడానికి ఇంతే. నేను మొదటి ప్రయత్నంలో 0.4 దగ్గర ఆపేశాను. ఏడెనిమిది చుక్కలు పడ్డాయో లేదో గులాబీ రంగు వచ్చేసింది, ఎంత తిప్పినా పోవడం లేదు. క్లాసులో అందరికన్నా ముందు నాకే ఎండ్ పాయింట్ వచ్చిందని చెయ్యెత్తి మరీ పిలిచాను. మేడం వచ్చి, ఫ్లాస్కు అడుగున వేలు పెట్టి చూసి, "చల్లగా ఉంది" అని వెళ్లిపోయారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాత చదివితే తెలిసింది, ఈ చర్య మొదట్లో మహా బద్ధకంగా నడుస్తుందని. చర్యలో పుట్టే మాంగనస్ అయాన్లే మళ్లీ ఆ చర్యని తరుముతాయి. అవి కాస్త పోగయ్యేదాకా రంగు పోదు. అందుకే 60-70 డిగ్రీలకి వేడి చేయమంటారు. అలాగని మరిగించకూడదు, ఆక్సాలిక్ ఆమ్లమే విడిపోవడం మొదలుపెడుతుంది.

రెండోసారి వేడి చేశాను గానీ, ఉక్రోషంలో గబగబా వదిలేశాను. ఫ్లాస్కంతా గోధుమరంగు మడ్డి. ఆమ్లం చాలకపోయినా, మనం తొందరపడినా పర్మాంగనేటు పూర్తి దూరం పోకుండా మాంగనీస్ డయాక్సైడ్ దగ్గర ఆగిపోతుంది. ఆమ్లం కావాలంటే హైడ్రోక్లోరిక్ పోయొచ్చు కదా అంటారేమో, వైవాలో ఈ ప్రశ్న దాదాపు ఖాయం. పోస్తే పర్మాంగనేటు క్లోరైడుని క్లోరిన్‌గా మార్చడానికి కూడా ఖర్చవుతుంది, రీడింగు ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.

మూడో ప్రయత్నానికి దారిలో పడ్డాను. 18.3. మళ్లీ చేస్తే 18.4. మళ్లీ చేస్తే 18.3. ద్రావణం ముదురు రంగు కాబట్టి కింది వంపు కనబడదు, పై అంచు చూసి రీడింగు తీయాలి. అదీ సరిగ్గానే చేశాను. అప్పుడు తలెత్తి చూశాను. అవతలి వరుసలో ఎవరో 20.4 అన్నారు. ఇంకొకరు నాదీ అంతే అన్నారు. క్లాసులో బాగా చదివే అబ్బాయి అవతలి వరుసలోనే ఉండేవాడు, అతనిదీ 20.4. ఆ మాట మెల్లగా మా వరుసలోకి పాకింది. నా పక్కనున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు "20.4, 20.4" అనుకుంటూ రాసేసుకున్నారు.

నా పరిస్థితి ఆలోచించండి. ఒకసారి 0.4 దగ్గర చెయ్యెత్తినవాణ్ని, ఒకసారి మడ్డి చేసినవాణ్ని. మిగతావాళ్లంతా ఒక మాట మీద ఉంటే నా మాట నేనే ఎలా నమ్ముతాను? పెన్సిల్‌తో రాసుకున్న మూడు రీడింగుల్నీ రబ్బరుతో చెరిపేసి, పైన పెన్నుతో 20.4, 20.5, 20.4 అని రాశాను. ఆ 20.5 నా సొంత కళ, నిజంగా చేసినట్టు కనబడాలి కదా. లెక్క కడితే ఆక్సాలిక్ ఆమ్లం లీటరుకి 6.43 గ్రాములు వచ్చింది. రికార్డు ముచ్చటగా ఉంది.

మరుసటి వారం మేడం రికార్డులన్నీ టేబుల్ మీద రెండు దొంతరలుగా పెట్టుకుని కూర్చున్నారు. అవతలి వరుసకీ మా వరుసకీ ఇచ్చిన సీసాలు వేరట. రంగు లేదు, వాసన లేదు, చూస్తే తేడా తెలియదు. మా సీసాలో లీటరుకి 5.77 గ్రాములే ఉందట. అంటే రీడింగు 18.3 రావాలి. మేడం గొంతు పెంచలేదు. "ఈ వరుసలో ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది మందికీ అవతలి సీసా జవాబు వచ్చింది. ఇదేం చర్యో నాకెవరైనా చెప్పండి" అన్నారు. ఎవరం చెప్పలేదు.

తర్వాత నా రికార్డు తీసి, ఆ పేజీని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నారు. పెన్సిల్ చెరిపినా నొక్కు పోదు.

"ఈ 18.3 ఎవరిది?"

"నాదే మేడం."

"మరి ఎందుకు చెరిపావు?"

"తప్పనుకున్నాను మేడం."

"తప్పని ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. సున్నా వేశారు. రికార్డు చేతికొచ్చాక చూస్తే, ఆ చెరిపిన నొక్కు పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు ఉంది.

ఇక్కడే నా అసలు అభిప్రాయం. కెమిస్ట్రీ మీద విరక్తి పుట్టేది క్లాసులో కాదు, ల్యాబులో. రావాల్సిన విలువ ముందే తెలిసి, దాన్నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు వండుకోవడం అలవాటయ్యాక ఇక ఆ సబ్జెక్టులో కొత్తగా తెలుసుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు అది నిజంగానే బట్టీ చదువు అయిపోతుంది. దీనిమీద ఎవరైనా సర్వే చేశారా అంటే నేను చూడలేదు. అయినా నాదే కరెక్టు.

ఆర్గాన్ సంగతి చూడండి. పాఠ్యపుస్తకంలో దానికి దక్కేది ఒక లైను, జడవాయువు అని. అది దొరికిన తీరు మాత్రం చెప్పరు. రేలీ అనే ఆయన నైట్రోజన్ సాంద్రత కొలుస్తున్నాడు. గాలిలోంచి తీసిన నైట్రోజన్ లీటరు 1.2572 గ్రాములు తూగింది. రసాయనాల నుంచి తయారుచేసినది 1.2505 తూగింది. తేడా నూటికి అరవంతు. మా వరుసలోవాళ్లమైతే ఆ రెంటికీ సగటు తీసి రికార్డు సబ్మిట్ చేసి వెళ్లిపోయేవాళ్లం. ఆయన ఆ తేడాని వదల్లేదు. రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి దాని వెంటపడితే, గాలిలో అప్పటిదాకా ఎవరూ గుర్తించని వాయువు ఒకటి ఉందని 1894లో తేలింది. 1904లో రేలీకి ఫిజిక్స్ నోబెల్, రామ్సేకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చాయి. మొదటి టైట్రేషన్ చేయించే ముందు పిల్లలకి ఈ కథ చెప్పకుండా, బ్యూరెట్ బొమ్మ పెన్సిల్‌తో నీటుగా వేయలేదని మార్కులు కోయడం ఏం న్యాయం? రికార్డులో బొమ్మల మీద పోసిన టైమంతా కలిపితే నేను ఇంకో భాష నేర్చుకునేవాణ్ని.

సరే, బట్టీ. కొంత ఉంది, లేదని అబద్ధం చెప్పను. ఏ అయాన్ ఏ రంగు, ఏ అవక్షేపం ఎలా ఉంటుంది, ఇలాంటివి చేతులకీ కళ్లకీ అలవాటు కావాల్సిందే. కానీ బట్టీ అని జనం భయపడేవాటిలో చాలావాటికి కింద ఒక కారణం ఉంటుంది. సాల్ట్ అనాలిసిస్ అంటే ఉప్పులో ఏ లోహం ఉందో కనుక్కోవడం, ఏ రసాయనంతో అవక్షేపిస్తాయో దాన్నిబట్టి లోహాలని గ్రూపులుగా విడగొడతారు. అందులో కాపర్ రెండో గ్రూపు, జింక్ నాలుగో గ్రూపు అని నేను పాటలా పాడుకుంటూ గుర్తుపెట్టుకున్నాను. రెండూ సల్ఫైడ్లుగానే అవక్షేపిస్తాయి కదా, మరి రెండు వేర్వేరు గ్రూపులెందుకు అని ఏడాదంతా అడగలేదు. ఆమ్లంలో సల్ఫైడ్ అయాన్లు చాలా తక్కువగా ఉంటాయి. కాపర్ సల్ఫైడ్ కరిగే గుణం అతి తక్కువ, కాబట్టి దానికి ఆ కాసిన్ని అయాన్లే చాలు. జింక్‌కి చాలవు, అమ్మోనియా పోసి ద్రావణాన్ని క్షారంగా మార్చేదాకా ఆగుతుంది. ఇంతే విషయం. ఇది తెలిశాక పాట అక్కర్లేదు.

ఆర్గానిక్ ఇంకా నయం. రెండో ఏడాది సగం దాకా నేను పేరున్న చర్యలన్నీ అట్టముక్కల మీద రాసుకుని తిప్పుతూ కూర్చునేవాణ్ని. తర్వాత ఒకరోజు ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బాణాలు వేసి చూపడం అర్థమైంది. కార్బొనైల్ గ్రూపులో, అంటే కార్బన్‌కి ఆక్సిజన్ రెండు బంధాలతో అతుక్కున్న చోట, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కుంటుంది, కార్బన్ దగ్గర కరువు. ఎలక్ట్రాన్లు దండిగా ఉన్నది ఏదొచ్చినా ఆ కార్బన్ మీదే పడుతుంది. సయనైడ్ పడితే సయనోహైడ్రిన్. గ్రిగ్నార్డ్ రియేజెంట్ పడితే, చివర్లో ఆమ్లం కలిపాక ఆల్కహాల్. బోరోహైడ్రైడ్ తెచ్చిన హైడ్రైడ్ పడినా ఆల్కహాలే. ఇంకో ఆల్డిహైడ్ తాలూకు ఇనోలేట్ పడితే ఆల్డాల్. నా అట్టముక్కల్లో ఇవి నాలుగు వేర్వేరు చర్యలు, నిజానికి ఒకటే బాణం. అలాగే మిథైల్ బ్రోమైడ్ మీదికి వెనకనుంచి దూరి బ్రోమిన్‌ని గెంటేయొచ్చు. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌లో మూడు మిథైల్ గుంపులు గోడలా అడ్డం నిలబడతాయి, బ్రోమిన్ తనంతట తాను వెళ్లిపోయేదాకా వేచి ఉండాలి. ఎస్ఎన్2, ఎస్ఎన్1 అని భయపెట్టేది దీని గురించే. నా అట్టముక్కలు ఆ రాత్రే పారేశాను. కొన్ని పారేయకుండా ఉండాల్సింది, అది వేరే కథ.

ఇక లెక్కలు. పూర్తిగా తప్పించుకోలేరు. ఫిజికల్ కెమిస్ట్రీలో అవకలనం, సమాకలనం, లాగరిథమ్‌లు రోజూ తగులుతాయి. థర్మోడైనమిక్స్‌లో పాక్షిక అవకలనాలు వస్తాయి. ఎలక్ట్రాన్లలాంటి కణాల తీరు చెప్పడానికి ష్రోడింగర్ 1926లో రాసిన సమీకరణం కూడా ముందుకొస్తుంది, పెట్టెలో కణం అనే లెక్కతో మొదలుపెడతారు. అది చూడటానికి భయంగా ఉంటుంది గానీ చేతికి లొంగుతుంది. ఇదంతా కలిపినా లెక్కల డిగ్రీ చేసేవాళ్లు చదివేదాంట్లో చిన్న ముక్క. స్కూల్లో లెక్కలంటే భయపడిన నేనే నెట్టుకొచ్చాను.

నిజం చెప్పాలంటే నా మార్కులు పోయింది లెక్కల్లో కాదు, యూనిట్లలో. రేటు స్థిరాంకం లాగరిథమ్‌ని ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గ్రాఫు గీసి, వాలు నుంచి యాక్టివేషన్ ఎనర్జీ, అంటే చర్య జరగడానికి కావాల్సిన కనీస శక్తి, లెక్కకట్టాలి. గ్రాఫు చక్కగా సరళరేఖ వచ్చింది, వాలు సరిగ్గా తీశాను. ఆఖర్న వాయు స్థిరాంకం 8.314 వేయాల్సిన చోట 0.0821 వేశాను. మొదటిది జౌల్స్‌లో, రెండోది లీటర్-అట్మాస్ఫియర్‌లలో. నాకొచ్చిన ఎనర్జీ అసలు విలువలో వందోవంతుకి తగ్గిపోయింది. ఆ లెక్కన ఆ చర్య సీసా మూత తీయకముందే అయిపోవాలి. కాలిక్యులేటర్లో ఏం కనబడితే అది రాసేసి వచ్చాను. కాబట్టి లెక్కలు రావని బెంగపడేవాళ్లు ముందు ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయడం మొదలుపెట్టండి. నన్నడిగితే సగం భయం అక్కడే పోతుంది.

తీసుకోవచ్చా అంటే, తీసుకోండి. ల్యాబులో నిలబడటం, గాజుసామాను కడగడం, ఒకే పనిని మూడుసార్లు చేయడం మీకు మరీ చిరాకైతే మాత్రం వద్దు. డిగ్రీలో చాలా సమయం ఆ పనితోనే గడుస్తుంది. ఇంకో చిన్న కష్టం కూడా ఉంది. కెమిస్ట్రీ అనగానే "బాంబులు చేస్తావా?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆ అడిగినవాళ్లే మరుక్షణం ఏదో డబ్బా చూపించి "ఇందులో కెమికల్స్ లేవట" అంటారు. నీళ్లు కూడా కెమికలే అని నేను వాదించడం ఎప్పుడో మానేశాను.

మీరు అడగలేదు గానీ, బ్యూరెట్ నింపాక పైనున్న ఫన్నెల్ తీసేయండి. దాని కాడకి అంటుకున్న చుక్క మధ్యలో జారి పడితే మట్టం పెరిగి రీడింగు తగ్గుతుంది. ఆ రోజు నేను తీయలేదు. నా 18.3 రెంటిలో ఒకటి అసలు 18.4 అయి ఉంటుందని నాకిప్పటికీ అనుమానమే.