పెంట్‌హౌస్ అద్దె బ్యాంకు లెక్కలోకి రాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక జీ ప్లస్ టూ ఇల్లు చూశాం. పైన పెంట్‌హౌస్ కూడా ఉంది. ధర 1.30 కోట్లు. ఫస్ట్ ఫ్లోర్‌లో మేముండి మిగతావి అద్దెకిస్తే పెంట్‌హౌస్ 9,000తో కలిపి నెలకు 42,000 వస్తుందని, ఈఎంఐలో చాలావరకు అదే కట్టేస్తుందని ఓనర్ అంటున్నారు. మా ఇద్దరి జీతాలు చేతికి 1.60 లక్షలు. కారు ఈఎంఐ 12,000. దాచుకున్నది 45 లక్షలు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ ధరకు వద్దు.

ముందు మున్సిపల్ పర్మిషన్ ప్లాన్ కాపీ అడగండి. ఇలాంటి ఇళ్లలో పెంట్‌హౌస్ ప్లాన్‌లో ఉండటం అరుదు. ఒక్కోసారి రెండో అంతస్తూ ఉండదు. ‘ఇంటి పన్ను కట్టించుకుంటున్నారుగా’, ‘రెగ్యులరైజేషన్‌కి (పర్మిషన్ లేకుండా కట్టినదాన్ని సక్రమం చేయించుకోవడానికి) అప్లై చేశాం’ అంటారు. పన్ను రసీదు గానీ, అప్లికేషన్ రసీదు గానీ పర్మిషన్ కిందకు రావు. బ్యాంకు పంపే వాల్యూయర్ ప్లాన్‌లో ఉన్నంతవరకే విలువ కడతాడు.

అలా 1.10 కోట్లే కట్టాడనుకుందాం. లోన్ 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75% మించి ఇవ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అంటే 82.5 లక్షలు. అదీ మీకు పూర్తిగా రాకపోవచ్చు. చాలా బ్యాంకులు జీతంలో సగం దాకానే ఈఎంఐలకు ఒప్పుకుంటాయి. మీకది 80,000, కారుది తీసేస్తే 68,000. 8.5% వడ్డీకి, 20 ఏళ్లకు దీనిమీద వచ్చేది సుమారు 78 లక్షలు. ఇంకా రాని అద్దెను ఆదాయంగా చూపిస్తే బ్యాంకు ఒప్పుకుంటుందన్న ఆశ పెట్టుకోకండి.

1.30 కోట్లలో మిగిలిన 52 లక్షలు మీరే తేవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు సుమారు 7.5%, అంటే ఇంకో 9.75 లక్షలు. దీనికి లోన్ రాదు. మీ దగ్గరున్న దానికి ఇంకా 17 లక్షల దాకా తక్కువ. అది పర్సనల్ లోన్‌తో పూడ్చారంటే ఇల్లు కొన్న సంతోషం ఆర్నెల్లు కూడా నిలవదు.

అద్దె సంగతి కూడా చూద్దాం. పెంట్‌హౌస్ వదిలేస్తే 33,000. ఖాళీగా ఉన్న నెలలు, సున్నం వేయించే ఖర్చు, మోటారు రిపేర్లు పోను ఏడాదికి పది నెలల అద్దే చేతికొస్తుందని నేను లెక్కేస్తాను. సగటున నెలకు 27,500. ఈఎంఐ 68,000. మిగతా 40,500 మీ జీతంలోంచే పోవాలి. కిరాయిదారులు ఇచ్చే అడ్వాన్స్‌ని ఆదాయం అనుకోకండి, ఖాళీ చేసే రోజున తిరిగి ఇవ్వాల్సిందే.

నేనైతే కోటి లోపు, పేపర్లన్నీ సరిగా ఉన్న జీ ప్లస్ వన్ వెతుకుతాను. బ్యాంకు కూడా కోటి విలువ కడితే 75 లక్షల లోన్‌కు ఈఎంఐ 65,000 చిల్లర. చేతి నుంచి 25 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 లక్షలు పోతే ఇంకా 12.5 లక్షలు మిగులుతాయి. అది ఎమర్జెన్సీకి, ముట్టుకోకండి. పైన కట్టుకోవాలంటే పర్మిషన్ తెచ్చుకుని నాలుగేళ్ల తర్వాత కట్టుకోవచ్చు. ధర 50 లక్షలు దాటుతుంది కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1% టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) మీరే కోసి కట్టాలి. చాలామంది మర్చిపోయి తర్వాత నోటీసులు అందుకుంటారు.

పన్ను విషయంలో మీరుండే అంతస్తునూ, అద్దెకిచ్చినదాన్నీ వేర్వేరుగా చూస్తారు. వడ్డీని కూడా అలాగే పంచుకోవాలి. కొత్త పన్ను విధానంలో మీరుండే భాగం వడ్డీకి మినహాయింపు లేదు. అద్దె భాగంలో ముందు 30% తగ్గిస్తారు, తర్వాత దాని వాటా వడ్డీ. గ్రౌండ్ ఫ్లోర్ అద్దె 18,000 అనుకుంటే మొదటి ఏళ్లలో దానిమీద పన్ను ఉండదు. అయితే మిగిలిపోయిన వడ్డీని జీతంలోంచి తగ్గించుకోలేరు.

రిజిస్ట్రేషన్‌లో ధర తక్కువ చూపి మిగతాది క్యాష్ ఇమ్మంటే ఒప్పుకోకండి. కాగితం మీద ధర తగ్గితే లోన్ కూడా తగ్గుతుంది. ఇప్పుడు చూసిన ఇల్లే కావాలనిపిస్తే ఓనర్ దగ్గర ప్లాన్ కాపీ తీసుకుని, అడ్వాన్స్ ఇవ్వకముందే బ్యాంకు లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ చేయించండి. ధర బేరం ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని మాట్లాడండి.