ప్రసూతి వైరాగ్యమా, పురుటి బెదురా?

సందేహం: ఐదు నెలల క్రితం మా అమ్మాయికి కాన్పు కష్టమైంది. రక్తం బాగా పోయి, అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. ఇప్పటికీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంది. ఆ ఆసుపత్రి ఉన్న రోడ్డు మీదుగా రానంటుంది. చుట్టాలు 'ప్రసూతి వైరాగ్యంలే, అదే పోతుంది' అంటున్నారు. డాక్టరు పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా పట్టుకునే జబ్బు) అన్నారు. చుట్టాల మాట సరైనదేనా? దీన్ని తెలుగులో ఏమనాలి?
– ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: సరైనది కాదమ్మా. ప్రసూతి అన్నా ప్రసవ అన్నా సాధువే, తప్పంతా వైరాగ్యం దగ్గరుంది. పెద్దలు మూడు వైరాగ్యాలు చెప్పారు. పురాణం విని ఇంటి గడప తొక్కేదాకా ఒకటి, కాటి నుంచి వచ్చి స్నానం చేసేదాకా ఒకటి, పురుటి నొప్పులు మరిచేదాకా ఒకటి. నిలవకపోవడమే వాటి లక్షణం. రాగం 'రంజ్' ధాతువు నుంచి వచ్చింది. రంగు అంటడం దాని అర్థం. రంజనం, రక్తం అక్కడివే. మనసుకు అంటిన రంగు రాగం, అది వెలిస్తే విరాగం, ఆ స్థితి వైరాగ్యం. మీ అమ్మాయికి వెలిసిందేమీ లేదు. ఆ కాన్పు గది మనసుకు అంటుకుని వదలడం లేదు. వదలనిదాన్ని వైరాగ్యమంటే మాటకూ అన్యాయమే, ఆ పిల్లకూ అన్యాయమే.

పత్రికలవాళ్లు ఈ పీటీఎస్‌డీని 'ప్రసవానంతర అభిఘాతజ ఒత్తిడి రుగ్మత' అని రాస్తున్నారు. బాలింతకు వచ్చే జబ్బుకు బాలింతకే అర్థంకాని పేరెందుకు? మనకు 'బెదురు' ఉంది. మీ చుట్టుపక్కల కన్నడిగులకూ 'బెదరు' అంటే తెలుస్తుంది. బండి ఎద్దు ఒక కల్వర్టు దగ్గర బెదిరిందంటే, మళ్లీ ఆ చోటికి రాగానే ఆగిపోతుంది. పోలికకు నొచ్చుకోకండి. తెలిసిన రైతు దాన్ని కొట్టడు, నిమురుతూ అడుగడుగూ దాటిస్తాడు. వైద్యం కూడా అలాంటిదే. శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గర ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా తలచుకుని చెప్పిస్తారు. కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ తలచుకునే ఈఎండీఆర్ అనే పద్ధతీ ఉంది. పాలిచ్చే తల్లికి ఇవ్వదగిన మందులు, సెర్ట్రాలిన్ లాంటివి, డాక్టరు చూసి రాస్తారు.

నెల దాటినా కాన్పు కళ్లముందు తిరగడం, పీడకలలు, దాన్ని గుర్తుచేసే చోట్లకు దూరంగా ఉండటం, చిన్న చప్పుడుకే ఉలికిపాటు ఈ బెదురు గుర్తులు. డిప్రెషన్ వేరు. అందులో దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ముందు కనిపిస్తాయి. రెండూ కలిసి రావచ్చు కూడా.

కాబట్టి నేనైతే 'పురుటి బెదురు' అంటాను. కానీ బెదురంటే పిరికితనమని వినేవాళ్లూ ఉన్నారు కనుక ఇదే ఖాయమని చెప్పలేను. అమ్మాయికి ఆ మాట నొప్పిగా తోస్తే వాడకండి, డాక్టరు దగ్గర పీటీఎస్‌డీ అనే అనండి. మీ ఊళ్లోనే ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే విభాగం ఉంది. ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే బిడ్డను వదలాలేమోనని ఆమె భయపడుతుంటే ఈ సంగతి ముందే చెప్పండి.